ఆసనంలో కాస్త ఉండండర్రా!

ఇప్పటి యోగా క్లాసుల్లో నాకు నచ్చనిది ఒకటే: ఎవరూ ఏ ఆసనంలోనూ ఉండరు. వెళ్తారు, వచ్చేస్తారు. చేతులు పైకి, నడుం కిందికి, కాలు వెనక్కి, ఛాతీ ముందుకి, మళ్ళీ మొదటికి. పక్కన స్పీకర్లో పాట, ఎదురుగా నిలబడి అంకెలు లెక్కపెడుతూ తొందరపెట్టే కుర్రాడు. గంట తిరిగేసరికి చొక్కాలు తడిసిపోతాయి. "ఇవాళ బాగా చెమట పట్టింది మాస్టారూ" అంటూ చాపలు చుట్టేసుకుంటారు. చెమట పట్టడం మంచిదే, కాదనను. ఆ గంటలో ఒక్క నిమిషమైనా కదలకుండా ఉన్నారా అంటే మాత్రం జవాబుండదు. చివర్లో శవాసనం వేయిస్తే సగంమంది ఫోను కోసం తడుముకుంటూ ఉంటారు.

మా రోజుల్లో నేర్పే తీరు వేరు. నేను నేర్చుకున్నది రాజమండ్రిలో, ఒక పెంకుటింటి సావిట్లో. మా గురువుగారు పూటకి నాలుగైదు ఆసనాలకు మించి చేయించేవారు కాదు. పశ్చిమోత్తానాసనంలోకి వంచి, "ఉండు" అని చెప్పి, తను జపానికి కూర్చునేవారు. మాల ఒక చుట్టు తిరిగేదాకా మేము అలాగే ఉండాలి. మొదట తొడల వెనక లాగేది, కాసేపటికి నడుం దగ్గర లాగేది, ఆ తరవాత లేచిపొమ్మని మనసు లాగేది. "లాగుతోందండీ" అంటే "లాగనీ" అనేవారు. "నొప్పెడుతోందండీ" అంటే మాత్రం మాల పక్కన పెట్టి వచ్చి, భుజం పట్టుకుని కాస్త వెనక్కి జరిపేవారు. లాగడానికీ నొప్పికీ ఉన్న తేడా ఒంటికి తెలిసేలా చేయడమే ఆయన చదువంతా. అది తెలిసినవాడికి మిగతా ఆసనాలు వాటంతటవే వస్తాయనేవారు.

దానికి చాలా దగ్గరైన పద్ధతినే ఇప్పుడు హైదరాబాదులోనూ విశాఖలోనూ యిన్ యోగా అని నేర్పుతున్నారు. అమెరికాలో పాలీ జింక్ అనే యుద్ధవిద్యల గురువు తావో సంప్రదాయపు యోగా నేర్పుతుండేవాడు. 1980ల చివర్లో పాల్ గ్రిల్లీ అనే యోగా టీచరు ఆయన్ని టీవీలో చూసి, వెతుక్కుంటూ వెళ్ళి శిష్యరికం చేశాడు. గ్రిల్లీకి శరీర నిర్మాణశాస్త్రం మీద మక్కువ. నేల మీద కూర్చునీ పడుకునీ చేసే ఆసనాలను ఏరుకున్నాడు. జపానుకు చెందిన హిరోషి మొతోయామా ప్రాణశక్తి నడిచే దారుల గురించి చెప్పినవి వాటికి జోడించాడు. గ్రిల్లీ దగ్గర నేర్చుకున్న సారా పవర్స్ దీన్ని యిన్ యోగా అని పిలిచింది. 2002లో గ్రిల్లీ పుస్తకం వచ్చాక ఆ పేరే నిలబడిపోయింది. పద్ధతి మూడు ముక్కల్లో చెప్పొచ్చు. ఒళ్ళు ఎంతవరకు వెళ్తానంటే అంతవరకే వెళ్ళాలి. వెళ్ళాక కదలకూడదు. మూడు నుంచి అయిదు నిమిషాలు అక్కడే ఉండాలి.

ఎక్కణ్ణుంచి వచ్చిందన్నది నాకు పట్టింపు లేదు. పతంజలి ఆసనం గురించి చెప్పినవి మూడే సూత్రాలు. స్థిరంగా, సుఖంగా ఉండాలనీ, ప్రయత్నం సడలాలనీ, అప్పుడు ద్వంద్వాలు బాధించవనీ చెప్పి ముందుకు వెళ్ళిపోయాడు. 15వ శతాబ్దంలో స్వాత్మారాముడు హఠయోగ ప్రదీపికలో వివరించిన ఆసనాలు 15. అందులో సగానికి పైగా కూర్చుని చేసేవే. ఇప్పుడు బటర్‌ఫ్లై అంటున్నదానికి అందులోని భద్రాసనం దగ్గరి చుట్టం. అమెరికావాడు చెప్పినా, జపానువాడు చెప్పినా, మనవాడు చెప్పినా ఒంటికి తెలిసేది ఒకటే. నా పట్టింపల్లా మరొకటి. నిలకడ నేర్పడానికే పుట్టిన ఈ పద్ధతిని కూడా తెచ్చీ తేవడంతోనే పరిగెత్తిస్తున్నారు. "ముప్ఫై నిమిషాల్లో పన్నెండు యిన్ ఆసనాలు" అని బోర్డు చూశాను. మనిషి చాప మీద సర్దుకోవడానికే ఒక నిమిషం పడుతుంది. ఇక అందులో ఉండేదెప్పుడు?

ఈ తొందర మన యోగాలోకి ఎలా వచ్చిందో కూడా చెప్పుకోవాలి. 1930ల్లో మైసూరు మహారాజు ఆదరణలో, జగన్మోహన ప్యాలెస్ యోగశాలలో తిరుమలై కృష్ణమాచార్య మగపిల్లలకు యోగా నేర్పారు. ఎగిరే వయసు పిల్లలు. ఒక ఆసనం నుంచి ఇంకో ఆసనానికి ఊపిరితో పాటు సాగిపోయే వరస వాళ్ళకి బాగా సరిపోయింది. ఆ వరసను పట్టాభి జోయిస్ పైకి తెచ్చారు, పడమటి దేశాల వాళ్ళు అందుకున్నారు, అక్కణ్ణుంచి పవర్ యోగా అయి మన జిమ్ముల్లోకి వచ్చింది. అదే కృష్ణమాచార్య దగ్గర నేర్చుకున్న బి.కె.ఎస్. అయ్యంగార్ దారి వేరు. ఆయన ఆసనంలో నిలబెట్టేవారు, అందనివాళ్ళకు దుప్పట్లు, బెల్టులు, చెక్క దిమ్మెలు ఇచ్చి మరీ నిలబెట్టేవారు. పన్నెండేళ్ళ మైసూరు కుర్రాడికి కుదిరిన వేగాన్ని, పదిహేనేళ్ళుగా కంప్యూటరు ముందు కూర్చున్న నలభై అయిదేళ్ళ మనిషి మీద మొదటి రోజే పెడితే ఏమవుతుంది? రెండో వారానికి భుజం పట్టేస్తుంది, మూడో వారానికి మానేస్తాడు. "యోగా నాకు పడలేదండీ" అని జీవితాంతం చెప్పుకుంటాడు. ఇలాంటివాళ్ళు నా ఎరుకలోనే చాలామంది. పడనిది యోగా కాదు, వాళ్ళకి మొదట పెట్టిన మోతాదు.

ఆ మనిషి ఒళ్ళు ఎలా ఉందో ఎవరైనా చూశారా? ఏదైనా పెళ్ళికి వెళ్ళి పీటల మీద కూర్చున్న పెళ్ళికొడుకుని చూడండి. పురోహితుడు పుణ్యాహవాచనం పూర్తి చేయకముందే కుడి కాలు జాపుతాడు, ఎడమ కాలు జాపుతాడు, చేత్తో నడుం పట్టుకుంటాడు. జీలకర్ర బెల్లం వేళకి కాళ్ళు తిమ్మిరెక్కి లేవలేకపోతాడు. ఇరవై తొమ్మిదేళ్ళ పిల్లాడు! సత్యనారాయణ వ్రతానికి "మేము కుర్చీలో కూర్చోవచ్చా పంతులుగారూ" అని ముప్ఫై అయిదేళ్ళ దంపతులు అడుగుతున్నారు. భోజనం బల్ల మీద, చదువు బెంచీ మీద, ఉద్యోగం కుర్చీలో, ప్రయాణం కారులో, కాలకృత్యం కమోడు మీద. పెళ్ళిలో తిండి మాత్రం నిలబడి. పొద్దున లేచింది మొదలు పడుకునేదాకా మోకాలు పూర్తిగా మడవాల్సిన పని ఒక్కటి లేదు. తుంటి కీలుకి అది తిరగగలిగే మేరంతా తిరిగే అవకాశం దొరకదు.

మా రోజుల్లో నేలే కుర్చీ. బడిలో బాసింపట్టు వేసుకుని బారులు తీరి కూర్చునేవాళ్ళం. ఒళ్ళో పలక. వేపపుల్ల నములుతూ పెరట్లో గొంతుక్కూర్చుంటే సగం ఊరి కబుర్లు అయ్యేవి. పంక్తి భోజనంలో పక్కవాడి విస్తరి పూర్తయ్యేదాకా లేవకూడదు, కాబట్టి మజ్జిగ తాగాక కూడా మడిచిన కాళ్ళు మడిచినట్టే ఉండాలి. మా అమ్మ కత్తిపీట ముందు ఒక మోకాలు మడిచి, ఒక మోకాలు నిలబెట్టి కూర్చునేది. రెండో పూట కాలు మార్చేది. రాత్రి తోలుబొమ్మలాటకు చాప పట్టుకెళ్తే తెల్లారేదాకా నేల మీదే. ఇటు ఒరిగి, అటు ఒరిగి, మోకాళ్ళు కౌగిలించుకుని, బోర్లా పడుకుని మోచేతుల మీద గడ్డం ఆనించి చూసేవాళ్ళం. ఇప్పుడు సీల్, స్ఫింక్స్, స్క్వాట్ అంటూ ఫీజు కట్టి నేర్చుకుంటున్న భంగిమలు అక్కడ ఒక్క రాత్రిలో అన్నీ అయిపోయేవి. మాకెవరూ నేర్పలేదు. నేల నేర్పింది.

ఇక్కడ ఒక నిజం దాటవేయకూడదు. అందరికీ ఆ నేల విశ్రాంతి ఇవ్వలేదు. నాట్లు వేసే ఆడవాళ్ళు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా బురదలో నడుం వంచే ఉండేవారు. రుబ్బురోలు ముందు, పొయ్యి ముందు, బట్టల బండ ముందు మా ఇంటి ఆడవాళ్ళ మోకాళ్ళు అరిగిపోయాయి. మా నాయనమ్మ చివరి రోజుల్లో గోడ పట్టుకుని నడిచేది. వాళ్ళకి వంగడం తెలుసు, మడవడం తెలుసు. ఏ పనీ చేయకుండా అయిదు నిమిషాలు ఆగడం మాత్రం వాళ్ళకి ఎవరూ ఇవ్వలేదు. అరుగు మీద తీరుబడిగా కూర్చున్నది మగవాళ్ళు. అందుకే పాత రోజులు మొత్తంగా తిరిగి రావాలని నేను అనను. నేల మళ్ళీ రావాలి, దాంతోపాటు అప్పట్లో ఆడవాళ్ళకు దక్కని తీరిక కూడా రావాలి. నడుం వంచి, దిండు మీద తల పెట్టి, ఎవరికీ జవాబు చెప్పకుండా ఉండే నాలుగు నిమిషాలు మా అమ్మకు దొరికి ఉంటే ఎలా ఉండేదా అని ఇప్పుడు నా దగ్గరికి వచ్చే అమ్మాయిలను చూసినప్పుడల్లా అనుకుంటాను.

సరే, ఆ నాలుగు నిమిషాల్లో ఒంట్లో జరిగేదేమిటి? కండరం తొందరగా స్పందిస్తుంది. లాగితే ముందు బిగుసుకుంటుంది, కాసేపు వదిలేస్తే సడలుతుంది. కండరాలను చుట్టి ఉండే ఫాసియా పొరలు, కీళ్ళను పట్టి ఉంచే బంధనాలు, కీలు చుట్టూ ఉండే సంచి అలాంటివి కావు. వాటిలో పీచు ఎక్కువ, సాగుడు తక్కువ, రక్తప్రసారమూ తక్కువ. గట్టిగా గుంజితే అవి దెబ్బతింటాయి. తేలికపాటి బరువు చాలాసేపు పడితే మాత్రం మెల్లగా ఒదుగుతాయి. పైన కండరం సడలితేనే ఆ బరువు కిందికి అందుతుంది. కదలకుండా ఉండమనేది అందుకే, నిమిషాల తరబడి ఉండమనేదీ అందుకే. ఇంకో మాట కూడా పరిశోధకులు చెబుతున్నారు. సాగదీత వల్ల మొదటి వారాల్లో పెరిగే వంపులో ఎక్కువ భాగం కండ పొడవు పెరగడం వల్ల కాదట, సాగుడును ఓర్చుకోవడం నరాలకు అలవాటవడం వల్లనట. నాకు ఇది చాలా సబబుగా తోస్తుంది. "ఇక్కడ ప్రమాదమేమీ లేదు" అని ఒంటికి నచ్చజెప్పడానికి కొంత సమయం కావాలి. గసపెడుతూ నచ్చజెప్పలేం.

కొత్తవాళ్ళకి ఇంతకంటే మంచి గుమ్మం లేదని నేను గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. దీనికి బలం అక్కర్లేదు. చేతుల మీద ఒంటి బరువు మోయనక్కర్లేదు. పక్కవాడితో పోటీ ఉండదు, ఎందుకంటే చూడ్డానికి ఏమీ ఉండదు. బొజ్జ ఉన్నవాళ్ళూ, అరవై దాటినవాళ్ళూ, పదేళ్ళుగా నేల మీద కూర్చోనివాళ్ళూ మొదటి రోజే చేయగలరు. యిన్ ఆసనాలు ఎక్కువగా పని చేసేది తుంటి, కటి, నడుం కింది భాగం మీద. కుర్చీ పాడుచేసినవి సరిగ్గా అవే. వారానికి మూడుసార్లు చేసినా, కొన్ని వారాలకు కింద కూర్చుని లేవడం తేలికవుతుంది, నడుం బిగుసుకున్నట్టుండేది తగ్గుతుంది. రాత్రి పడుకునే ముందు చేసేవాళ్ళు నిద్ర బాగా పడుతోందంటారు. నిదానమైన ఊపిరి, కదలని ఒళ్ళు, ఆనుకోవడానికి దిండు ఉన్నప్పుడు గుండె పరుగు తగ్గడం సహజమే. స్వీడన్‌లో ఒత్తిడితో సతమతమయ్యే నడివయసువాళ్ళు 105 మందితో చేసిన పరిశోధన ఒకటి 2018లో వెలువడింది. అయిదు వారాలు యిన్ యోగా చేసినవాళ్ళలో ఆందోళన, దిగులు తగ్గాయి. రక్తంలో అడ్రినోమెడులిన్ అనే పదార్థం, గుండె జబ్బుల ముప్పుతో ముడిపడినది, అదీ తగ్గింది. ఒక్క పరిశోధనతో అంతా తేలిపోదు. దిక్కు మాత్రం చూపిస్తుంది.

నేల మీద నుంచి లేవడం అంత పెద్ద విషయమా అనేవాళ్ళకి ఇంకొకటి చెబుతాను. బ్రెజిల్‌లో డాక్టర్లు 51 నుంచి 80 ఏళ్ళ మధ్య వయసువాళ్ళు 2,002 మందిని నేల మీద కూర్చుని లేవమన్నారు. కూర్చోవడానికి 5 మార్కులు, లేవడానికి 5. చెయ్యో మోకాలో ఆనించిన ప్రతిసారీ ఒక మార్కు కోత. 2012లో ప్రచురించిన ఆ లెక్కల్లో, తక్కువ మార్కులు వచ్చినవాళ్ళలో తరవాతి ఏళ్ళలో మరణాలు చాలా ఎక్కువగా కనిపించాయి. నేల మీద కూర్చుంటే ఆయుష్షు పెరుగుతుందని దీని అర్థం కాదు. కాళ్ళలో బలం, కీళ్ళలో ఒదుగు, ఒంట్లో తూకం మూడూ ఉన్నవాడే అలా లేవగలడు, అవి పోతే ఇంకా చాలా పోయినట్టే. మూడింటిలో ఒదుగు ఒక్కటే యిన్ యోగా ఇచ్చేది. మిగతా రెండూ నడకా, బరువులూ, నిలబడి చేసే ఆసనాలూ ఇవ్వాలి.

మొదటిసారి చేసేవాళ్ళు ఇలా మొదలుపెట్టండి. గోడ పక్కన చాప వేసుకోండి. రెండు గట్టి దిండ్లు, ఒక మందపాటి దుప్పటి దగ్గర పెట్టుకోండి. ఇంట్లో పాత బాలీసు ఉంటే అదే అన్నిటికంటే మంచిది. దుప్పటిని నాలుగు మడతలు పెట్టి అంచు మీద కూర్చోండి. పిరుదులు కాస్త ఎత్తులో ఉంటే నడుం దానంతటదే ముందుకి వాలుతుంది. ఈ చిన్న ఏర్పాటు చేయించకుండా "వంగండి, ఇంకా వంగండి" అని వీపు మీద చెయ్యి వేసి నొక్కే టీచర్లంటే నాకు ఒళ్ళు మండుతుంది. మొదట బటర్‌ఫ్లై. రెండు పాదాలూ కలిపి, మడమలను ఒంటికి కాస్త దూరంగా పెట్టండి. పాదాలు ఎంత దగ్గరికి వస్తే అంత గొప్ప అనుకోవద్దు. మోకాళ్ళు గాల్లో తేలుతుంటే వాటి కింద దిండ్లు పెట్టండి. ఇప్పుడు వీపు గుండ్రంగా వంగనివ్వండి, తల కిందికి వేలాడనివ్వండి. వీపు నిటారుగా పెట్టాలని మిగతా క్లాసుల్లో నేర్పింది ఇక్కడ పక్కన పెట్టాలి. తల అందినచోట దిండు మీదో, పిడికిళ్ళ మీదో ఆనించండి. మూడు నిమిషాలు. మొదటి నిమిషం ఏమీ ఉండదు. రెండో నిమిషంలో ముక్కు దురద పెడుతుంది, గ్యాస్ కట్టేశామా అని అనుమానం వస్తుంది, కాలు సర్దుకోవాలనిపిస్తుంది. అది అందరికీ వస్తుంది. ఊపిరి వదలడం కాస్త పొడిగించి ఉండండి. మూడో నిమిషంలో తొడల లోపలివైపు ఏదో వదులైనట్టు తెలుస్తుంది. అక్కడ ఇంకాస్త కిందికి వెళ్తే వెళ్ళండి, లేదంటే లేదు.

లేచేటప్పుడు మాత్రం గభాల్న లేవద్దు. చేతులతో మోకాళ్ళను పట్టుకుని దగ్గరికి తెచ్చి, వెల్లకిలా పడుకుని ఒక నిమిషం ఊరికే ఉండండి. ముసలివాళ్ళలాగా లేస్తున్నామని అనిపిస్తుంది, అది మామూలే. కాసేపట్లో పోతుంది.

తరవాత బోర్లా పడుకుని మోచేతుల మీద ఛాతీ ఎత్తండి, పొట్ట నేలకే ఉండాలి. అదే స్ఫింక్స్. రోజంతా ముందుకు కూలబడి కూర్చునే నడుముకి ఇది వ్యతిరేక దిక్కు. నడుం దగ్గర నొక్కుకున్నట్టుంటే మోచేతులు ముందుకి జరపండి, రెండు నిమిషాలు చాలు. దాని తరవాత మోకాళ్ళ మీద కూర్చుని ముందుకి వాలి, నుదురు దిండు మీద పెట్టే శిశు ఆసనం. ఆ తరవాత కాళ్ళు చాపి, మోకాళ్ళ కింద దుప్పటి చుట్ట పెట్టి ముందుకి వాలండి. మోకాలు వంగితే పశ్చిమోత్తానాసనం తప్పయినట్టు కాదు. స్లీపింగ్ స్వాన్ అని ఒక కాలు ముందు మడిచి, ఒక కాలు వెనక్కి చాపి చేసేది క్లాసుల్లో మొదటి వారమే చేయిస్తున్నారు. అది మోకాలికి పెట్టే పరీక్ష. కొత్తవాళ్ళు వెల్లకిలా పడుకుని, కుడి మడమ ఎడమ తొడ మీద పెట్టి, ఎడమ కాలిని దగ్గరికి లాక్కుంటే తుంటికి అదే ఫలితం వస్తుంది, మోకాలికి బరువుండదు. మళ్ళీ రెండో వైపు. చివర గోడకు కాళ్ళు ఆనించి పడుకోవడం, ఆపైన శవాసనం. అంతా కలిపి ముప్పావుగంట, మహా అయితే ఆరేడు ఆసనాలు.

సూదిలా పొడిచే నొప్పి, కరెంటు పాకినట్టు కాల్లోకి దిగే జివ్వుమనడం, మంట, మోకాలి లోపల నొప్పి, ఇందులో ఏది వచ్చినా వెంటనే బయటికి రండి. ఓర్చుకోవడం గొప్ప కాదు. గర్భిణుల ఒళ్ళు ఎటూ వదులుగా ఉంటుంది, వాళ్ళు లోతుకు పోకూడదు. పుట్టుకతోనే కీళ్ళు అతిగా వంగేవాళ్ళకి ఇంకా సాగదీయడం మేలు చేయదు, వాళ్ళకి కావలసింది బలం. ఎముకలు గుల్లబారినవాళ్ళు, డిస్కు జారినవాళ్ళు వీపు గుండ్రం చేసి ముందుకి వంగే ముందు డాక్టర్ని అడగాలి. కీలు మార్పిడి జరిగినవాళ్ళూ అంతే. మధుమేహంతో పాదాలకు స్పర్శ తగ్గినవాళ్ళకి ఎంతవరకు లాగుతోందో తెలియదు కాబట్టి దగ్గర ఒక మనిషి ఉండాలి. ఇవన్నీ చేర్చుకునేముందే అడగాల్సిన ప్రశ్నలు. ఫీజు తీసుకునేటప్పుడు ఫోను నంబరు, పుట్టినరోజు అడుగుతున్నారు గాని, మోకాళ్ళ సంగతి అడిగేవాళ్ళు ఎందరు?

నాకు బాగా కోపం తెప్పించేది ఇంకోటి. యిన్ యోగాతో కొవ్వు కరుగుతుందని, ఒంట్లో విషాలన్నీ బయటికి పోతాయని, తుంటిలో పేరుకున్న చిన్ననాటి దుఃఖం కరిగి కన్నీళ్ళుగా వచ్చేస్తుందని పోస్టర్లు వేస్తున్నారు. కదలకుండా పడుకుంటే కొవ్వు కరగదు. విషాలు తీసేయడానికి కాలేయం, మూత్రపిండాలు ఉన్నాయి. కన్నీళ్ళు నిజంగానే కొందరికి వస్తాయి, నేను చూశాను. పొద్దున అయిదింటి నుంచి అందరికీ వండి, టిఫిన్ డబ్బాలు సర్ది, బస్సెక్కి ఆఫీసుకి వెళ్ళి వచ్చిన ఆడపిల్లకి, ఎవరూ పిలవని నాలుగు నిమిషాలు దొరికితే కళ్ళు చెమర్చవా? అందుకు తుంటిని కారణం చేయక్కర్లేదు. ఆమెకు ఆ నాలుగు నిమిషాలు రోజూ దొరికేలా ఇంట్లోవాళ్ళు చూస్తే అదే మందు. ప్రాణశక్తి దారుల గురించిన చైనా, జపాను మాటలు నమ్మేవాళ్ళు నమ్మొచ్చు, నమ్మకపోయినా ఆసనం పని ఆసనం చేస్తుంది.

ఈ కాలం పిల్లలకు ఓపిక లేదని మా ఈడువాళ్ళంతా అంటారు. నేనూ అంటాను. అయితే ఆ ఓపికను మేమేమీ కష్టపడి సంపాదించుకోలేదు. పురాణ కాలక్షేపానికి కూర్చుంటే లేచి పోవడానికి వేరే చోటు లేదు, జేబులో ఫోను లేదు. ఇప్పటివాళ్ళకు ప్రతి నిమిషం తప్పించుకునే దారి చేతిలోనే ఉంది. వాళ్ళు కావాలని కూర్చోవాలి, అది మాకంటే కష్టం. అందుకే నా క్లాసులో ఫోన్లు గుమ్మం బయట పెట్టిస్తాను. ఇందులో మాత్రం రాజీ లేదు. "టైమర్ కోసం సార్" అంటారు. టైము నేను చూస్తాను, మీరు ఊపిరి చూసుకోండి. మొదటి వారం ఈ షరతు నచ్చక వెళ్ళిపోయినవాళ్ళున్నారు. ఉన్నవాళ్ళలో ఒక అబ్బాయి, కోడింగ్ పని చేసేవాడు, నెల తరవాత ఇంట్లో సంధ్యావందనం మళ్ళీ మొదలుపెట్టానని చెప్పాడు. అంతసేపు కూర్చోగలుగుతున్నాడట. గుళ్ళో, నమాజులో, ధ్యానంలో, ఎక్కడైనా ఒళ్ళు గొడవ చేయకుండా ఉంటేనే మనసు పని మొదలవుతుంది. ఆసనం పుట్టిందే అందుకు.

టీచర్లకు ఒక మాట. గొంతుక్కూర్చోవడం అందరికీ ఒకేలా రాదు. గ్రిల్లీ ఏళ్ళ తరబడి ఎముకలు ముందు పెట్టుకుని చూపించింది ఇదే: తుంటి గుంట లోతు, తొడ ఎముక తిరిగిన కోణం, చీలమండ ఆకారం మనిషి మనిషికీ వేరు. ఎముక ఎముకకి తగిలి ఆగినచోట ఎన్నేళ్ళు సాధన చేసినా ముందుకి పోదు. మా బడిలోనూ మడమ నేలకు ఆనని పిల్లలుండేవారు, డ్రిల్లు మాస్టారు వాళ్ళని బద్ధకస్తులని తిట్టేవారు. పాపం, అది వాళ్ళ చీలమండ ఎముక. మీరు అలా చేయకండి. మడమ ఆననివాళ్ళకి కింద తువ్వాలు చుట్టో చెక్క పలకో పెట్టి కూర్చోబెట్టండి, రెండు నిమిషాలు ఉండనివ్వండి. క్లాసు ఫొటోలో అందరూ ఒకేలా కనబడాలని భుజాలు పట్టి కిందికి నొక్కకండి.